పాఠశాలల భద్రతకు రాష్ట్ర కేంద్రం ఉంటే సరిపోతుందా? మంచి కేంద్రం ఏం చేస్తుంది?

ప్రశ్న
రాసినవారు: డల్లాస్ శివార్లలో ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరూ ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చదువుతున్నారు. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి రెండో తరగతి. ఈ మధ్య మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థ) వాళ్లు పెట్టిన తల్లిదండ్రుల సమావేశంలో భద్రతా ఏర్పాట్ల గురించి అడిగాను. "మా అత్యవసర ప్రణాళికను టెక్సాస్ స్కూల్ సేఫ్టీ సెంటర్ పరిశీలించింది, అంతా సక్రమంగా ఉంది" అని చెప్పి వెంటనే తరువాతి విషయానికి వెళ్లిపోయారు. మర్యాదగానే చెప్పారు, కానీ ఆ మాటతో నాకేమీ అర్థం కాలేదు.

ఇలాంటి కేంద్రాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయని తరువాత చదివి తెలుసుకున్నాను. కొన్ని విశ్వవిద్యాలయాల్లో, కొన్ని ప్రజాభద్రతా శాఖల్లో, కొన్ని విద్యాశాఖల్లో నడుస్తున్నాయి. ఒక కేంద్రం ప్రణాళికను "పరిశీలించింది" అంటే నిజంగా ఏం చూసినట్టు? పేరుకు ఉన్న కేంద్రానికీ, పిల్లలకు నిజంగా ఉపయోగపడే కేంద్రానికీ తేడా ఏమిటి? తల్లిదండ్రులుగా మనం ఎవరిని ఏమడగవచ్చు, ఏ కాగితం చూపించమనవచ్చు? ఈ రంగంలో పనిచేస్తున్నవారు, ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు తమకు తెలిసింది రాస్తే నాలాంటి చాలామందికి మేలు జరుగుతుంది.

జవాబు 1
రాసినవారు: స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగి, హ్యూస్టన్ ప్రాంతం

నమస్కారమండీ. నేను ఒక డిస్ట్రిక్ట్‌లో అత్యవసర ప్రణాళికల విభాగంలో పనిచేస్తున్నాను. ఆ కేంద్రానికి కాగితాలు పంపడం, వాళ్ల ప్రశ్నలకు జవాబులు రాయడం, వాళ్ల శిక్షణలకు వెళ్లడం నా ఉద్యోగంలో భాగం. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగానే రాస్తాను.

ఈ కేంద్రం శాన్ మార్కస్‌లోని టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఉంది. కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగిన 1999లోనే దీన్ని ప్రారంభించారు. రెండేళ్ల తరువాత శాసనసభ దీనికి చట్టబద్ధత కల్పించింది. టెక్సాస్ విద్యా చట్టం 37వ అధ్యాయం ప్రకారం ప్రతి డిస్ట్రిక్టూ తుఫాను మొదలుకొని కాల్పుల వరకు అన్ని ప్రమాదాలకూ వర్తించేలా ఒక అత్యవసర కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలి. కనీసం మూడేళ్లకొకసారి తన భవనాలన్నిటికీ భద్రతా ఆడిట్ జరిపించి, ఫలితాలను కేంద్రానికి తెలియజేయాలి. 2018లో టెక్సాస్‌లోని శాంటా ఫే హైస్కూల్లో కాల్పుల్లో పది మంది చనిపోయాక, 2019లో వచ్చిన చట్టం ఈ కేంద్రానికి ప్రణాళికలను తెప్పించుకుని, పరిశీలించి, లోపాలుంటే వెనక్కి పంపే అధికారం ఇచ్చింది. ఒక డిస్ట్రిక్ట్ ప్రణాళిక పంపకపోయినా, చెప్పిన లోపాలు సవరించకపోయినా దాని బోర్డు బహిరంగ విచారణ జరిపి ప్రజల ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. అప్పటికీ కదలిక లేకపోతే రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ డిస్ట్రిక్ట్ మీద పర్యవేక్షకుణ్ణి నియమించవచ్చు.

అంటే "పరిశీలించింది" అన్న మాటకు అర్థం ఇది: చట్టం అడిగిన అంశాలన్నీ ఆ పత్రంలో ఉన్నాయని ఒకరు చదివి నిర్ధారించారు. అది అవసరమే, చిన్న పని కూడా కాదు. కానీ ఆ పత్రంలో రాసినట్టు మీ అబ్బాయి తరగతి గది తలుపుకు తాళం పడుతుందో లేదో అలా పత్రం చదవడం వల్ల తెలియదు.

ఈ తేడా ఎంత పెద్దదో మా రాష్ట్రంలోని ఉవాల్డే పట్టణం మనకు చూపించింది. 2022 మే 24న అక్కడి రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో కాల్పులకు 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు ప్రాణాలు కోల్పోయారు. ఆ జూలైలో టెక్సాస్ శాసనసభ విచారణ సంఘం ఇచ్చిన నివేదికను ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ చదివి తీరాలని నా అభిప్రాయం. కాల్పుల పరిస్థితికి సంబంధించి ఆచరణయోగ్యమైన విధానం రాసి పంపినట్టు కేంద్రం గుర్తించిన కొద్దిపాటి డిస్ట్రిక్టులలో ఉవాల్డే ఒకటి. అయినా అక్కడ తలుపులు తాళం వేయకుండా వదిలేసే అలవాటు ఉంది, తాళంచెవుల కొరత ఉంది. 111వ నంబరు గది తలుపుకు తాళం సరిగా పడదని చాలామందికి తెలుసు, కానీ దాన్ని బాగుచేయమని ఎవరూ రాతపూర్వకంగా అడగలేదు. వైఫై సరిగా అందక హెచ్చరిక సందేశం అందరికీ ఒకేసారి చేరలేదు. సరిహద్దు ప్రాంతం కావడంతో పోలీసులు వాహనాలను వెంటాడిన ప్రతిసారీ హెచ్చరికలు రావడం మామూలైపోయి, ఆ రోజు వచ్చిన హెచ్చరికను కూడా కొందరు అలాంటిదే అనుకున్నారు. ఇలాంటి ఘటనలో బాధ్యత ఎవరు తీసుకోవాలో ప్రణాళికలో స్పష్టంగా ఉంది: డిస్ట్రిక్ట్ పోలీసు అధిపతి. కానీ 376 మంది పోలీసులు వచ్చిన ఆ చోట గంటకు పైగా ఆ బాధ్యతను ఎవరూ చేపట్టలేదు. వీటిలో ఒక్కటి కూడా శాన్ మార్కస్‌లో కూర్చుని పత్రం చదివేవారి కంటికి కనిపించేది కాదు.

అందుకే నా దృష్టిలో మంచి కేంద్రానికి మొదటి గుర్తు, పత్రం దగ్గర ఆగకుండా తలుపు దాకా రావడం. ఉవాల్డే తరువాత గవర్నర్ ఆదేశంతో 2022 సెప్టెంబరు నుంచి ముందుగా చెప్పకుండా పాఠశాలలకు వెళ్లి, బయటి మనిషి లోపలికి చొరబడగలడేమో చూసే తనిఖీలు మొదలయ్యాయి. 2023లో వచ్చిన చట్టంతో రాష్ట్ర విద్యా సంస్థలో ప్రత్యేక భద్రతా కార్యాలయానికి చట్టపరమైన అధికారాలు వచ్చాయి, ప్రాంతాల వారీగా బృందాలు ఏర్పడ్డాయి, ఆ తనిఖీలు వాళ్ల చేతికి వెళ్లాయి. బయటి తలుపులు ప్రతి వారం సరిచూసి నమోదు చేయాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. వినడానికి అతి చిన్న విషయంలా ఉంటుంది. మా సిబ్బందిలో ఎక్కువ మంది ప్రవర్తనను మార్చింది మాత్రం ఆ చిన్న నియమమే. రాళ్లు, చెక్కముక్కలు అడ్డుపెట్టి తలుపులు తెరిచి ఉంచే అలవాటు వారం వారం రాసి సంతకం చేయాల్సి వచ్చేసరికి తగ్గుముఖం పట్టింది.

రెండో గుర్తు, తనిఖీ తరువాత జరిగేది. లోపం దొరికింది, సరే. దాన్ని ఎవరు, ఏ తేదీలోగా, ఏ నిధులతో సరిచేయాలో రాశారా? మళ్లీ వచ్చి చూశారా? 2023 చట్టం ప్రతి పాఠశాలకు 15,000 డాలర్లు, ఒక్కో విద్యార్థికి పది డాలర్ల చొప్పున ఏడాదికి భద్రతా నిధి ఇచ్చింది. అదే చట్టం ప్రతి పాఠశాలలో సాయుధ రక్షకుడు ఉండాలని కూడా ఆదేశించింది. ఆ నిధితో ఒక ఉద్యోగి జీతమైనా వెళ్లదని అప్పుడే చాలా డిస్ట్రిక్టులు మొరపెట్టుకున్నాయి. కేంద్రం చెప్పే సలహా ఎంత మంచిదైనా, దాని ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పకపోతే అది చిన్న ఊళ్లలో ఆచరణకు రాదు.

ఇక మీరు అడగదగినవి. ప్రణాళిక పూర్తి పాఠం రహస్యంగా ఉంటుంది, అలా ఉండటం న్యాయమే. కానీ ప్రణాళిక ఉందా, గత పన్నెండు నెలల్లో దాన్ని సమీక్షించారా, ఆడిట్ జరిపించి ఫలితాలు పంపారా అన్నది నిర్ధారించే పత్రాలు మాత్రం చట్టప్రకారం ప్రజలకు ఇవ్వాల్సినవే. రాతపూర్వకంగా అడగండి. అలాగే ప్రతి డిస్ట్రిక్ట్‌లో ఒక భద్రతా సంఘం ఉండాలి, అందులో తల్లిదండ్రులు ఇద్దరుండాలి, అది సెమిస్టరుకొకసారి, వేసవిలో ఒకసారి సమావేశం కావాలి. మీ డిస్ట్రిక్ట్‌లో ఆ ఇద్దరు ఎవరో, గత సమావేశం ఎప్పుడు జరిగిందో కనుక్కోండి. చాలా చోట్ల ఆ స్థానాలకు ముందుకు వచ్చేవారే తక్కువ.

జవాబు 2
రాసినవారు: స్కూల్ కౌన్సిలర్, ఉత్తర వర్జీనియా

పై మిత్రులు తలుపుల గురించి చక్కగా రాశారు. నేను మనుషుల గురించి రాస్తాను, ఎందుకంటే తలుపు దాకా రాకముందే ఆపగలిగినవి ఎన్నో ఉంటాయి.

అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 37 పాఠశాల దాడులను అధ్యయనం చేసి 2002లో ప్రకటించిన ఫలితాల్లో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 81 శాతం ఘటనల్లో దాడికి ముందే కనీసం ఒక మనిషికి ఆ ఆలోచన గురించి తెలుసు. తెలిసినవారు ఎక్కువగా తోటి పిల్లలే. 2021లో అదే సంస్థ ముందే భగ్నమైన 67 కుట్రలను పరిశీలించినప్పుడు కూడా, ఎవరో ఒకరు గమనించి చెప్పడం వల్లే అవి ఆగాయని తేలింది. కాబట్టి ఒక రాష్ట్ర కేంద్రం చేయగల అత్యంత విలువైన పని, చెప్పే పిల్లవాడికి ఒక దారి, ఆ మాట వినే పెద్దవాళ్లకు ఒక పద్ధతి ఏర్పరచడం.

మా రాష్ట్రంలో వర్జీనియా సెంటర్ ఫర్ స్కూల్ అండ్ క్యాంపస్ సేఫ్టీ నేర న్యాయ సేవల శాఖలో భాగంగా పనిచేస్తుంది. 2013లో దేశంలోనే మొదటిసారిగా అన్ని ప్రభుత్వ పాఠశాలల్లో బెదిరింపు అంచనా బృందాలను తప్పనిసరి చేసింది వర్జీనియానే. బృందంలో కౌన్సిలింగ్, బోధన, పాలన, పోలీసు రంగాలు తెలిసినవారు ఉండాలి. పోలీసు ఒక్కడే నిర్ణయించకూడదు, ప్రిన్సిపాల్ ఒక్కరే నిర్ణయించకూడదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2001 నుంచి అభివృద్ధి చేసిన పద్ధతి ప్రకారం, వచ్చిన బెదిరింపు కోపంలో నోరు జారినదా, లేక నిజంగా చేయాలనే ఉద్దేశం ఉన్నదా అని మొదట తేల్చుకుంటాం. ఎక్కువ భాగం మొదటి రకానివే. వాటికి క్షమాపణ, మాట్లాడి సర్దుబాటు, అవసరమైతే కౌన్సిలింగ్ సరిపోతాయి. ఈ వివేచన నేర్పకుండా "ఏ బెదిరింపునూ ఉపేక్షించవద్దు" అని మాత్రమే చెబితే పాఠశాలలు ప్రతి పిల్లవాడినీ సస్పెండ్ చేస్తాయి, ఆ సంగతి చూసిన తక్కిన పిల్లలు ఇక నోరు విప్పరు.

కేంద్రం పాత్ర ఇక్కడ ఏమిటంటే, అందరికీ ఒకే పద్ధతి నేర్పడం, కొత్తగా చేరినవారికి మళ్లీ నేర్పడం, ఏటా ప్రతి పాఠశాల నుంచి వివరాలు తీసుకుని ప్రకటించడం. ఒకసారి శిక్షణ ఇచ్చి వదిలేస్తే, ప్రిన్సిపాల్ బదిలీ అయ్యాక, కౌన్సిలర్ ఉద్యోగం మానేశాక బృందం కాగితం మీదే మిగులుతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, ఏ ఊరన్నది అప్రస్తుతం. మా కేంద్రం వార్షిక సర్వేలో మరో మంచి విషయం ఉంది. తాళాలు, కెమెరాల లెక్కతో ఆగకుండా, "నీకు బాధ కలిగితే చెప్పుకోగల పెద్దవాళ్లు ఈ పాఠశాలలో ఉన్నారా" అన్న అర్థం వచ్చే ప్రశ్నలతో విద్యార్థుల అభిప్రాయాలు కూడా తీసుకుంటారు. నా మటుకు నాకు ఆ జవాబులే అసలైన భద్రతా సూచిక.

చెప్పే దారి విషయంలో కొలరాడో మిగతా రాష్ట్రాలకు మార్గం చూపింది. అక్కడి సేఫ్‌టూటెల్ 2004లో మొదలై, 2014లో అటార్నీ జనరల్ కార్యాలయం కిందికి వచ్చింది. పేరు చెప్పకుండా ఫోన్ ద్వారానో యాప్ ద్వారానో చెప్పవచ్చు, ఆ అజ్ఞాతానికి చట్టం రక్షణ ఇస్తుంది. వచ్చిన సమాచారం పాఠశాలకూ స్థానిక పోలీసులకూ వెళ్తుంది. ఆ తరువాత ఏం చేశారో వాళ్లు తిరిగి నివేదించాలి. ఆ చివరి మెట్టు చాలా ముఖ్యం, ఎందుకంటే తిరిగి నివేదించే బాధ్యత లేని టిప్ లైన్‌లో పిల్లవాడు చెప్పిన మాట ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. ఇలాంటి లైన్లకు కాల్పుల భయం గురించి వచ్చే సమాచారం కంటే ఆత్మహత్య ఆలోచనలు, వేధింపులు, మాదకద్రవ్యాల గురించి వచ్చేదే ఎక్కువ. అంటే కాల్పుల కోసం కట్టిన వ్యవస్థ రోజూ కాపాడుతున్నది ఒంటరిగా కుమిలిపోతున్న పిల్లలను.

మన తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. "మనకెందుకు, పరాయి దేశంలో పోలీసులతో పేచీ ఎందుకు" అన్న సంకోచం మన ఇళ్లలో గట్టిగా ఉంటుంది, పిల్లలకూ అది అలవడుతుంది. స్నేహితుడి గురించి టిప్ లైన్‌కు చెప్పడం చాడీ చెప్పడం కాదని, అది అతనికి సహాయం పంపడమని మీ అమ్మాయికి ఇంట్లోనే, తెలుగులోనే చెప్పండి.

జవాబు 3
రాసినవారు: లెక్కల మాస్టారు, కెంటకీ

నాది గ్రామీణ ప్రాంతంలోని హైస్కూలు. మా అనుభవం నుంచి ఒకే ఒక్క విషయం రాస్తాను: సహాయం చేసేవాడూ, తప్పులు పట్టేవాడూ ఒకరే కాకూడదు.

1997 డిసెంబరు 1న పడుకా దగ్గర హీత్ హైస్కూల్లో ముగ్గురు విద్యార్థినులు కాల్పుల్లో మరణించారు. మరుసటి ఏడాదే, అంటే కొలంబైన్‌కు ముందే, కెంటకీ సెంటర్ ఫర్ స్కూల్ సేఫ్టీ ఏర్పడింది. ఈస్టర్న్ కెంటకీ యూనివర్సిటీ ఆధ్వర్యంలో నడుస్తుంది. పాఠశాల ఆహ్వానిస్తే ఒక బృందం వచ్చి, వరండాలు, బస్సులు ఆగే చోటు, భోజనశాల తిరిగి చూసి, విద్యార్థులతో, ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో మాట్లాడి నివేదిక ఇస్తుంది. శిక్షించడానికి వచ్చినవారు కాదు కాబట్టి అందరూ మనసు విప్పి మాట్లాడతారు. ఫలానా మెట్ల కింద ఏం జరుగుతుందో పిల్లలు చెబుతారు. మరుగుదొడ్లలో పర్యవేక్షణ లేదని ఉపాధ్యాయులు ఒప్పుకుంటారు.

2018 జనవరిలో మార్షల్ కౌంటీ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు చనిపోయిన తరువాత, 2019 చట్టం రాష్ట్ర పాఠశాల భద్రతా మార్షల్ అనే పదవిని విడిగా సృష్టించింది. ఆయన సిబ్బంది ముందుగా చెప్పకుండా వచ్చి తలుపులకు తాళం ఉందా, ప్రవేశ ద్వారం నియంత్రణలో ఉందా అని చట్టం ప్రకారం చూస్తారు, ఫలితాలు పైకి నివేదిస్తారు. పాత కేంద్రం సలహాదారుగానే మిగిలింది. ఈ విభజన తెలివైనదని నా నమ్మకం. ఎవరికి భయపడాలో వారి ముందు లోపాలు దాచడం మనుషుల సహజ గుణం. అందుకని, లోపం చెప్పుకుంటే నష్టం లేదని నమ్మగలిగే చోటు ఒకటి పాఠశాలకు ఉండాలి.

ఇండియానా పద్ధతి కూడా మంచిదే. అక్కడ 1999 నుంచి ఒక అకాడమీ నడుస్తోంది. ప్రతి డిస్ట్రిక్టూ ఒక భద్రతా నిపుణుణ్ణి నియమించుకోవాలి, అతనికి రాష్ట్రం ఉచితంగా శిక్షణ ఇస్తుంది. మావంటి చిన్న చోట్ల డిస్ట్రిక్ట్ అధిపతి అయిన సూపరింటెండెంటే బస్సుల సంగతీ, బడ్జెట్టూ, భద్రతా చూసుకుంటాడు కనుక, ఈ పని నాది అనుకునే మనిషి ఒకరు ఉండటమే సగం బలం.

జవాబు 4
రాసినవారు: ఎడిసన్ నాన్న, న్యూజెర్సీ

అందరూ గొప్ప సమాచారం ఇచ్చారు, ధన్యవాదాలు. కానీ నాకొక అభ్యంతరం ఉంది. మా రాష్ట్రంలో నెలకొక అగ్నిమాపక డ్రిల్, నెలకొక భద్రతా డ్రిల్ తప్పనిసరి. మా పాప కిండర్‌గార్టెన్ నుంచీ చీకటి గదిలో మూలన కూర్చుని నిశ్శబ్దంగా ఉండటం నేర్చుకుంటోంది. కొన్నాళ్లు రాత్రిపూట ఉలిక్కిపడి లేచేది. ఒక్కో పాఠశాలను విడిగా తీసుకుంటే ఇలాంటి దాడి జరిగే అవకాశం చాలా తక్కువ. మరి దాని కోసం లక్షలాది పిల్లలను నెలనెలా భయపెట్టే డ్రిల్లులను ఈ కేంద్రాలు ప్రోత్సహించడం సరైనదేనా?

జవాబు 5
రాసినవారు: స్కూల్ కౌన్సిలర్, ఉత్తర వర్జీనియా

మీ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. ఈ ప్రశ్నను పట్టించుకోని కేంద్రాన్ని నేను మంచి కేంద్రం అనను.

డ్రిల్ వేరు, దాడిని నటించి చూపే అభ్యాసం వేరు. తలుపు వేసి, దీపాలు ఆర్పి, కనబడకుండా కూర్చోవడం ఐదు నిమిషాల్లో ప్రశాంతంగా నేర్పవచ్చు. తుపాకీ శబ్దాలు, కృత్రిమ గాయాలు, ముఖానికి ముసుగు వేసుకున్న మనిషి వీటిలో ఏదీ దానికి అవసరం లేదు. మీ రాష్ట్రమే 2022 జనవరిలో చేసిన చట్టంతో పిల్లల వయసుకు తగని అలాంటి నటనను నిషేధించింది. ఇది డ్రిల్ మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలని, డ్రిల్ జరిగిన రోజే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అందులో ఉంది. టెక్సాస్ కూడా 2021లో చేసిన చట్టంతో, దాడిని నటించే అభ్యాసాలకు ముందుగా పిల్లలకు, తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి చేసింది. మీ పాప పాఠశాల ఈ నియమాలు పాటిస్తోందా అని ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగండి. ఉలిక్కిపడి లేస్తున్న సంగతి కౌన్సిలర్‌కు తప్పకుండా చెప్పండి. డ్రిల్ సమయంలో పాప పక్కన ఒక పెద్దవాళ్లను కూర్చోబెట్టడం, ముందురోజే ఆమెకు విడిగా వివరించడం వంటి ఏర్పాట్లు చేయవచ్చు. మేమిక్కడ అలా చేస్తుంటాం.

నెలకొకసారి అన్నది ఎక్కువేమో అన్న మీ సందేహంతో నేనూ ఏకీభవిస్తాను. టెక్సాస్‌లో లాక్‌డౌన్ డ్రిల్ (తలుపు వేసి కనబడకుండా కూర్చునే అభ్యాసం) ఏడాదికి రెండుసార్లే. సంఖ్య పెరిగిన కొద్దీ నైపుణ్యం అంతే పెరుగుతుందని నేననుకోను. పైన ఉవాల్డే గురించి రాసినట్టు, హెచ్చరిక మామూలైపోతే దాని బరువు తగ్గుతుంది.

జవాబు 6
రాసినవారు: ప్రధానోపాధ్యాయుడు, వరంగల్ జిల్లా

మా అబ్బాయి కుటుంబం అట్లాంటాలో ఉంటుంది కాబట్టి ఈ చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. 2024 సెప్టెంబరులో జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించిన తరువాత, కాల్పులు జరిపిన విద్యార్థి మీద అంతకు ఏడాది ముందే పక్క కౌంటీలో పోలీసుల విచారణ జరిగిందని చదివి చాలా బాధపడ్డాను. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం చేసిన చట్టంలో, పిల్లవాడు పాఠశాల మారితే అతని రికార్డులు త్వరగా కొత్త పాఠశాలకు చేరాలన్న నియమం చేర్చారని మా కోడలు చెప్పింది.

ఇక్కడ మా ప్రమాదాలు వేరు. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 94 మంది పిల్లలు అగ్నికి ఆహుతి అయ్యారు. దాని మీద 2009లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రతా మార్గదర్శకాలు వచ్చాయి. 2014లో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొట్టిన రోజు మాకెవ్వరికీ మరపురాదు. మా దగ్గర అగ్నిమాపక ధ్రువపత్రం ఒక శాఖ, బస్సు ఫిట్‌నెస్ ఇంకో శాఖ, భవనం పటిష్ఠత మరో శాఖ ఇస్తాయి. మూడు కాగితాలూ ఫైలులో ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి, పిల్లవాడి వైపు నుంచి చూసి, "ఈ బడిలో మొదట సరిచేయాల్సింది ఇది" అని ప్రధానోపాధ్యాయుడికి చెప్పే ఒక చోటు ఉంటే ఎంత బాగుంటుందో. కెంటకీ మాస్టారు చెప్పిన, పిలిస్తే వచ్చి తిరిగి చూసే బృందం ఆలోచన నాకు బాగా నచ్చింది. దానికి పెద్ద భవనం అక్కరలేదు. జిల్లాకు నలుగురు అనుభవజ్ఞులు చాలు.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: డల్లాస్ శివార్లలో ఒక తల్లి

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఆడిట్, సమీక్షలకు సంబంధించిన పత్రాల కోసం ఈ రోజే డిస్ట్రిక్ట్‌కు లేఖ పంపాను. భద్రతా సంఘంలో తల్లిదండ్రుల స్థానం ఒకటి ఖాళీగా ఉందని తెలిసి, దానికి దరఖాస్తు కూడా చేశాను. చివరగా ఒక ఆచరణాత్మకమైన సందేహం. వచ్చే నెలలో మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. సాయంత్రాలు పిల్లలను తీసుకొచ్చేది వాళ్లే. ఏదైనా అత్యవసరం వచ్చి, మేమిద్దరం ఆఫీసుల్లో ఉండిపోతే వాళ్లు ఏం చేయాలి? ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే.

జవాబు 7
రాసినవారు: స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగి, హ్యూస్టన్ ప్రాంతం

చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. ప్రణాళికలో తల్లిదండ్రులకు అన్నిటికంటే ఎక్కువగా తగిలే భాగం ఇదే, అయినా దీని గురించి అడిగేవారు తక్కువ.

ముందు సందేశాల సంగతి. టెక్సాస్‌లో చాలా డిస్ట్రిక్టులు వాడే పద్ధతిలో ఐదు ఆదేశాలు ఉంటాయి: హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఇవాక్యుయేట్, షెల్టర్. హోల్డ్ అంటే వరండా ఖాళీగా ఉంచడం కోసం పిల్లలు తమ గదుల్లోనే ఉండటం, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా ఈ ఆదేశం ఇవ్వవచ్చు. సెక్యూర్ అంటే ప్రమాదం బయట ఎక్కడో ఉంది, బయటి తలుపులు మూశారు, లోపల పాఠాలు నడుస్తున్నాయి. లాక్‌డౌన్ అంటే ప్రమాదం లోపలే ఉందని. షెల్టర్ ఎక్కువగా సుడిగాలుల సమయంలో వినిపిస్తుంది. ఈ ఐదు మాటలకూ అర్థం తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, మామగారి ఫోన్‌లోనూ ఉంచండి. సెక్యూర్ సందేశం చూసి కంగారుపడి పాఠశాలకు పరుగెత్తితే లోపలికి రానివ్వరు, పైగా పోలీసుల దారికి అడ్డం అవుతారు.

పిల్లలను వేరే చోటికి తరలిస్తే, అక్కడ వరుసలో నిలబెట్టి, ఒక కార్డు నింపించి, ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూసి, పాఠశాల రికార్డులో అనుమతి ఉన్న మనిషికే పిల్లవాణ్ణి అప్పగిస్తారు. తాతగారని పిల్లవాడు గుర్తుపట్టినా, పేరు రికార్డులో లేకపోతే పంపరు. కనుక అత్తగారు, మామగారు విమానం దిగిన వారంలోనే ఇద్దరి పేర్లూ ఇద్దరు పిల్లల రికార్డుల్లోనూ చేర్పించండి. పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మన దగ్గర ఇంటిపేరు ముందు రావడం, అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, ఆ రోజు ఆ తేడా దగ్గరే ఆలస్యమవుతుంది. అసలు పాస్‌పోర్టు రోజూ వెంట తిప్పడం ఇష్టం లేకపోతే ఫొటో ఉన్న ఏ గుర్తింపును అంగీకరిస్తారో ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి. మీకు భద్రతా సంఘంలో స్థానం దక్కితే, తెలుగు తెలిసిన ఉపాధ్యాయులో స్వచ్ఛంద సేవకులో ఆ వరుస దగ్గర ఉండేలా ప్రణాళికలో రాయించే ప్రయత్నం చేయండి. ఆ పేజీని మార్చడానికి శాన్ మార్కస్ దాకా వెళ్లాల్సిన పని లేదు, డిస్ట్రిక్ట్ స్థాయిలోనే చేర్చవచ్చు.